తల ఎటు వైపు

పోయిన వారం మన చైత్రను బాగేపల్లి బస్సులో, కిటికీ పక్క సీట్లో, ఒళ్లో లాప్‌టాప్ సంచీ పెట్టుకుని తనలో తాను నవ్వుకుంటూ ఉండగా వదిలేశాం. పక్కన కూర్చున్న పెద్దాయన ఈ పిల్లకేమైనా అయిందా అని ఓరగా చూశాడు కూడా. ఆమెకేమీ కాలేదు. చిక్కబళ్ళాపురం పరిశోధన కేంద్రంలో మూడేళ్లుగా పండ్ల ఈగల గుడ్లతో కుస్తీ పడుతున్న అమ్మాయికి, ఆ పొద్దున లోకంలో ఇంకెవరికీ తెలియని సంగతి ఒకటి తనకు తెలిసిందనిపించింది. అంతే.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ల కోసం ఆ సంగతేమిటో చెబుతాను. పండ్ల ఈగ గుడ్డు బొంబాయి రవ్వ గింజంత ఉంటుంది. లోపల పెరిగే పిండానికి ఒక కొసన తల, ఇంకో కొసన తోక. ఇందులో వింతేమీ లేదు. వింతేమిటంటే ఆ పిండం చర్మంలోని ఒక్కొక్క కణానికీ ముందేదో వెనకేదో తెలుసు. ఒక ప్రొటీన్ ప్రతి కణంలోనూ వెతుక్కుంటూ పోయి తోక వైపు గోడకే అతుక్కుంటుంది. అన్ని కణాల్లో ఒక్కటైనా దారి తప్పదే! ఇది మొదటిసారి విన్నప్పుడు నేను నోరు వెళ్లబెట్టాను. ఇప్పటికీ తలుచుకుంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ ప్రొటీన్‌కు దారి ఎవరు చెబుతున్నారు? చైత్ర గైడ్ సుజాతమ్మగారి అనుమానం ఒకటుంది. కణంలోని ఒక ఎంజైమ్ ఆ ప్రొటీన్ మీద ఒకానొక చోట చిన్న ఫాస్ఫేట్ ముక్కను అతికిస్తుందని, ఆ అతుకే దానికి దారి చూపిస్తుందని. సరే చూద్దామని చైత్ర ఆ ఒక్క చోటునే మార్చి, ఫాస్ఫేట్ అతకడానికి వీల్లేని ఈగలను తయారు చేసింది. మామూలు ఈగల గుడ్లలో ప్రొటీన్ బుద్ధిగా తోక వైపే ఉంది. మార్చిన ఈగల గుడ్ల ఫోటోలన్నీ కలిపి సగటు తీస్తే ఏ వైపూ లేదు. అంటే దిక్కు పోయింది, మేడమ్ అనుమానం నిజమైంది. దాని మీద రాసిన పేపర్‌ను ఒక పెద్ద పత్రిక దాదాపు ఒప్పుకుంది. సగటు చాలదు, ఒక్కో గుడ్డు ఫోటోనూ విడిగా చూపించండి అని మాత్రం అడిగింది.

విడిగా తెరిచి చూసిన చైత్రకు కళ్లు తిరిగాయి. మార్చిన గుడ్లలో దిక్కు పోనేలేదు. ప్రతి గుడ్డుకూ చక్కగా దిక్కుంది. కాకపోతే సగం గుడ్లలో ప్రొటీన్ తోక వైపు, సగం గుడ్లలో తల వైపు. ఫాస్ఫేట్ అతక్కపోతే పిండం బొమ్మా బొరుసూ వేసుకుంటోందన్న మాట! మేడమ్ కంటే ముందు వీణకు చెప్పాలనిపించింది. వీణ కూడా ఎమ్మెస్సీ చదివింది, అదే ప్రాజెక్టులో అసిస్టెంట్. ఆ గుడ్లను సన్నటి కుంచెతో గాజుపలక మీద ఒక్కొక్కటిగా పేర్చింది ఆమె చేతులే. పేపర్లో రెండో పేరు ఆమెదే.

బాగేపల్లి పక్కనున్న పరగోడులో వీణ వాళ్లింటి వసారా నిండా పూలు. మర్నాడు వరలక్ష్మి పండగ. పసుపు చామంతులు ఒక గుట్ట, తెల్లవి ఒక గుట్ట, తడిగుడ్డ కింద కనకాంబరాలు. వీణ, వాళ్లమ్మ మునిరత్నమ్మ ఎదురెదురుగా కూర్చుని కడుతున్నారు.

"రామ్మా, రా. పూలు తొక్కకుండా ఇట్లొచ్చి కూచో" అంది మునిరత్నమ్మ. "మా వీణ పనికి రజ పెట్టి ఇంటికొచ్చింది కాబట్టి సరిపోయె. లేకుంటే ఇన్ని సేవంతులు నేనొక్కదాన్నే యాడ కట్టేది?"

చైత్ర కూర్చోకముందే సంగతంతా గడగడా చెప్పేసింది. వీణ ఒళ్లోని పూలు జారిపోతున్నా పట్టించుకోకుండా లేచి ఆమెను గట్టిగా పట్టుకుంది.

"నిజంగానా చైత్రా? సగం ఇట్ల, సగం అట్లనా?"

"సరిగ్గా సగం! మేడమ్‌కి చెప్తే కుర్చీలోంచి లేచి నిలబడతారు చూడు."

"ఏమి కనుక్కున్నారే మీరు? నాకీ తెలిసేట్ల చెప్పండి" అంది మునిరత్నమ్మ. చైత్ర ఓపిగ్గా చెప్పింది. గుడ్డు, తల, తోక, కణాలు, దారి చూపే ఫాస్ఫేట్. మునిరత్నమ్మ చేతులు కట్టడం ఆపలేదు గానీ కళ్లు మాత్రం చైత్ర మీదే ఉన్నాయి.

"ఈగ గుడ్డులో ఇంత ఉండాదా! మేము ఈగల్ని ఊరికే పాతగుడ్డతో తోలేస్తాంటిమి కదమ్మా" అని ఆమె చాలాసేపు తల ఊపుతూనే ఉంది. తరవాత దారపు ఉండ చైత్ర వైపు దొర్లించింది. "ఊరికే కూచోని ఏం చేస్తావు, నువ్వూ ఒక మూర కట్టు."

చింతామణిలో వేరుశనగల మండీ ఉన్న ఇంటి పిల్ల చైత్ర. పూలు మూరల్లెక్కన కొనుక్కుని తలలో పెట్టుకోవడం తెలుసు గానీ కట్టడం ఎక్కడ తెలుసు? నాలుగు చామంతులు తీసి తలలన్నీ ఒకే వైపు వచ్చేలా పేర్చి దారం చుట్టింది. మునిరత్నమ్మ ఫక్కున నవ్వింది.

"అన్నీ ఒక పక్కకే పెడితే మాల ఒక పక్కకే తిరుక్కుంటాది. ఒకటి ఇట్ల, దాని పక్కది అట్ల. కాడలు నడుమ, తలలు రెండు పక్కలా. చూడు మా వీణ చెయ్యి, చూడకనే పోతాండాది. చిన్నప్పట్నుంచీ అంతే, చేతికి ఏమిచ్చినా అట్లే పేరుస్తాది."

చైత్ర చూసింది. వీణ చెయ్యి నిజంగానే చూడకుండా పోతోంది. ఒక పువ్వు తల ఎడమకు, పక్కది కుడికి, మళ్లీ ఎడమకు, మళ్లీ కుడికి. ఆ వేళ్లు, ఆ వంపు, ఆ వేగం చైత్రకు బాగా తెలిసినవే. కుంచె పట్టుకుని గాజుపలక మీద గుడ్లు పేర్చేటప్పుడూ వీణ చేతులు అలాగే నడుస్తాయి. ఎంత చక్కటి వరసలని కేంద్రంలో అందరూ వచ్చి చూసి పోయేవాళ్లు. చైత్ర చేతిలోని దారం పక్కన పెట్టింది.

"వీణా. గుడ్లు గాజు మీద ఎట్ల పెడతావు నువ్వు?"

"ఎట్ల అంటే? వరసగా."

"తల ఎటు పెడతావు?"

వీణ చెయ్యి ఆగింది. ఒళ్లోని మాల వైపు చూసుకుంది.

"ఒకటి ఇట్ల, ఒకటి అట్ల" అంది మెల్లగా.

బొమ్మా లేదు, బొరుసూ లేదు. బెంగళూరులోని పెద్ద మైక్రోస్కోప్ ప్రతి గుడ్డు నడుమా ఉన్న కాసిని కణాలనే ఫోటో తీస్తుంది. ఆ ఫోటోలో తలా కనిపించదు, తోకా కనిపించదు. అన్ని గుడ్లూ తల ఎడమకే పెట్టి ఉంటారని కంప్యూటర్ అనుకుంటుంది. సగం గుడ్లను వీణ తిప్పి పెట్టింది. పెద్ద సంగతల్లా ఇదే.

"మూడేండ్లు వీణా!" చైత్ర గొంతు లేచింది. "తల ఎడమకు పెట్టల్ల అని తెలీదా నీకు? చదువుకున్నదానివి కదా!"

"ఎవరు చెప్పినారు నాకి?" వీణ గొంతు కూడా లేచింది. "మామూలు గుడ్లు నువ్వే పెట్టుకుంటివి. మార్చినవి నాకిస్తివి. 'నీట్‌గా వరసగా పెట్టు' అంటివి, పెడితిని. తల యాడుందో ఫోటోలో నువ్వు చూసుకుంటావనుకొంటిని."

"ఫోటోలో తల కనపడదు!"

"అది నాకెట్ల తెలుస్తాది? ఆ బెంగళూరు మిషన్ దగ్గరికి నన్ను ఒక్క తూరన్నా పిలుచుకొని పోతివా?"

చైత్ర నిజంగానే తీసుకుపోలేదు. ఒక్క మనిషికే పర్మిషన్ అని ప్రతిసారీ తనే పోయేది. పైగా మామూలు గుడ్లు ఒకరు, మార్చిన గుడ్లు ఒకరు పేర్చడం తప్పని బీఎస్సీ పిల్లలకు కూడా తెలుసు. ఒకే చెయ్యి రెండూ కలిపి పేర్చాలి. త్వరగా అయిపోతుందని అలా పంచింది చైత్రే. ఆ మాట వీణ అనలేదు. అనకపోవడం చైత్రకు ఇంకా గుచ్చుకుంది.

"ఏమైందే? మా పాప ఏమన్నా తప్పు చేసిందామ్మా?" అని మునిరత్నమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

వీణే ముందు తేరుకుంది. చేతులు కొంగుకు తుడుచుకుని "లాప్‌టాప్ తీయి" అంది.

"తీసి ఏం చేస్తావు?"

"ఫోటోలకు నంబర్లుండాయి కదా, స్లైడ్ మీద వరస ప్రకారం? నా చెయ్యి ఎప్పుడూ తప్పదు. ఒకటి ఇట్ల అంటే రెండోది అట్లే. రెండోది, నాలుగోది, ఆరోది, అట్ల సరిసంఖ్యవన్నీ తిప్పి చూడు."

పూల గుట్టల నడుమ లాప్‌టాప్ తెరిచారు. వీణ నంబరు చెబుతోంది, చైత్ర తిప్పుతోంది. ఒక్కొక్క ఫోటో తిరిగి తన పక్కవాటితో కలిసిపోతోంది. అన్నీ తిప్పాక తెర మీద ఒక్కటి కూడా ఎదురు తిరగలేదు. ప్రతి గుడ్డులోనూ ప్రొటీన్ తెరకు కుడి వైపే.

ఆ వైపున్నది తోకా, తలా? అదే ఇప్పుడు తేలాల్సింది. వీణ ప్రతి స్లైడ్ మీదా మొదటి గుడ్డు తల ఎడమకు పెట్టి ఉంటే, మార్చిన గుడ్లు అచ్చం మామూలు గుడ్లలాగే ఉన్నట్టు. ఫాస్ఫేట్‌కు ఈ పనిలో ఏ పాత్రా లేనట్టు. పేపర్ చెత్తబుట్టలోకి, మూడేళ్లు గంగలోకి. మొదటి తల కుడికి పెట్టి ఉంటే మాత్రం, ఫాస్ఫేట్ లేని గుడ్లన్నిటిలోనూ ప్రొటీన్ తల వైపుకు తిరిగిపోయినట్టు. అది బొమ్మాబొరుసు కంటే పెద్ద సంగతి.

"మొదటిది ఎటు పెడతావు వీణా?" చైత్ర ఆమె మోకాలు పట్టుకుంది. "కుడికే కదా? కుడికే పెట్టింటావు."

"చెప్పను."

"అంటే గుర్తులేదా?"

"గుర్తుండాది. చెప్పను. నేను ఏది చెప్తే నువ్వు అదే చూస్తావు. స్లైడ్లు ఫ్రిజ్‌లో ఉండాయి. పోయి నీ కండ్లతో నువ్వే చూడు."

ఇక్కడ నేను ఒక్క మాట అనకుండా ఉండలేను. ఈ వీణ నాకు మొదటి నుంచీ నచ్చిన మనిషి, కానీ ఇంత గట్టిదని నాకూ తెలియదు. ప్రాజెక్టులో ఆమె ఉద్యోగం ఈ నెలాఖరుకు తేలాలి, అది తేలేది ఈ పేపర్ మీదే. తప్పు తన చేతిదని అప్పుడే తెలిసింది. స్నేహితురాలు ఎదురుగా కూర్చుని కుడి అని చెప్పమని దాదాపు బతిమాలుతోంది. చెప్పేస్తే ఇద్దరికీ ఆ పూట పండగే. అయినా నోరు విప్పలేదు. శభాష్ అనాలి కదా? నేను అంటున్నాను.

మునిరత్నమ్మ తిండి తినిపోండని వెనకనుంచి పిలుస్తూనే ఉంది. ఇద్దరూ బస్టాండుకు పరిగెత్తారు. బస్సులో చైత్ర బతిమాలింది, అలిగింది, "మొండిదానా" అని తిట్టింది. తరవాత కళ్లు మూసుకుని కుడికే, కుడికే అని పెదవులు కదుపుతూ కూర్చుంది. వీణ కిటికీలోంచి టమాటా తోటలు చూస్తూ ఉంది. ఆమె ముఖంలో ఏమైనా దొరుకుతుందేమోనని చైత్ర మధ్యమధ్యలో కన్ను తెరిచి చూసేది. ఏమీ దొరకలేదు.

మధ్యాహ్నానికి చిక్కబళ్ళాపురం చేరారు. పండగ ముందు రోజు కాబట్టి కేంద్రంలో ఎవరూ లేరు. చైత్ర ఫ్రిజ్‌లోంచి వీణ స్లైడ్ల పెట్టె తీసింది. గుడ్డును మొత్తంగా చూపించే చిన్న మైక్రోస్కోప్ కింద మొదటి స్లైడ్ పెట్టింది. తల ఉన్న కొసన గుడ్డుకు చిన్న మొటిమ లాంటిది ఉంటుంది, అలవాటైన కళ్లకు ఇట్టే కనిపిస్తుంది. వీణ కిటికీ దగ్గరికి పోయి, గది వైపు వీపు పెట్టి, బయటి ద్రాక్ష పందిళ్లు చూస్తూ నిలబడింది.

"ఎందుకట్ల తిరుక్కుంటివి?"

"నా మొగం చూసి చెప్తావని."

చైత్ర కన్ను ఆనించింది. మొదటి గుడ్డు. మొటిమ ఎడమకు. స్లైడ్ మార్చింది. ఎడమకు. ఇంకొకటి పెట్టింది. మళ్లీ ఎడమకే. వీణ చెయ్యి తప్పదు మరి.

ఆ గదిలో అది చూసింది చైత్ర ఒక్కతే. కుడికి అని ఒక్క మాటంటే చాలు, వీణకు గుర్తున్నది ఏదైనా, స్లైడే సాక్ష్యమని వాదించవచ్చు. ఈ పెట్టె మళ్లీ తెరిచేవాళ్లు ఎవరు? ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకోవడానికి మన చైత్ర సిగ్గుపడుతుంది గానీ, వచ్చింది. రాకపోతే ఆమె మనిషే కాదు.

"ఎడమకే" అంది చివరికి.

వీణ ఇటు తిరిగింది. కళ్లనిండా నీళ్లు.

"అవును. ఎప్పుడూ ఎడమకే మొదలుపెడతా."

"నీకు పరగోడులోనే తెలుసు."

"తెలుసు."

"తెలిసీ, బస్సులో నేను కుడికే కుడికే అని మొక్కుకుంటాంటే చూస్తా కూచుంటివి!"

"మొక్కుకొంటే నీ సొమ్మేం పోయిందిలే" అంది వీణ ఏడుస్తూనే. చైత్రకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరూ అక్కడే నేలమీద కూలబడి, ఒకరి భుజం ఒకరు తడిపేసుకున్నారు.

కాస్త కుదుటపడ్డాక చైత్ర సుజాతమ్మగారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. దాచకుండా అంతా చెప్పింది. గుడ్లు పంచింది తనేనని, వీణకు తల సంగతి చెప్పనిది తనేనని కూడా చెప్పింది. గౌరిబిదనూరు ఇంట్లో పండగ పనిలో ఉన్న మేడమ్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. ఆ అనుమానం ఆమెకు ఇవాళ్టిది కాదు, చైత్ర పుట్టకముందు నుంచీ మోస్తున్నది. అది తప్పని ఫోన్‌లో వినాల్సి వచ్చింది.

"పేపర్ ఆపేద్దాం. పత్రికకు నేను రాస్తా" అన్నారు చివరికి, మామూలు గొంతుతోనే. "వీణా, ఉండావా? నువ్వు ముందే ఎడమ అని చెప్పింటే ఈమె నమ్మేది కాదు, కుడి అని చెప్పింటే చూసేదే కాదు. బాగా చేసినావమ్మా."

వీణ తల ఊపింది. ఫోన్‌లో తల ఊపడం కనిపించదని కూడా తోచలేదు ఆమెకు.

"చైత్రా" అన్నారు మేడమ్. "మామూలు గుడ్లు పేర్చింది నువ్వేనా?"

"నేనే మేడమ్. అన్నీ ఎడమకే పెట్టినా."

"చూసినావా?"

"పెట్టింది నేనే కదా మేడమ్."

"ఎవరు పెట్టినారని కాదమ్మా నేను అడిగేది. ఇప్పుడు వీణవి చూసినట్ల, నీవి చూసినావా?"

చూడలేదు. ఫోటోలు విడిగా తెరిచినప్పుడు కూడా మార్చిన వాటినే తెరిచింది. మామూలు గుడ్ల సగటు చక్కగా తోక వైపు చూపిస్తుంటే వాటితో పనేమిటనుకుంది. చైత్ర ఫ్రిజ్ దగ్గరికి పోయి తన పెట్టె తెచ్చుకుంది. అందులో మిగిలినవే కొన్ని. పెట్టె నిండిపోయిందని పోయిన ఏడాది సగం స్లైడ్లు పారేసింది కూడా తనే.

మొదటి స్లైడ్ పెట్టి కన్ను ఆనించింది. ఎడమకు. పక్కది ఎడమకు. దాని పక్కదీ ఎడమకే. హమ్మయ్య అనుకుంటూ కొంచెం జరిపింది. కుడికి.

పొరపాటేమో అని కన్ను తుడుచుకుని మళ్లీ చూసింది. కుడికే. తరవాత రెండు ఎడమకు. తరవాత మూడు వరసగా కుడికి. ఇంకో స్లైడ్ పెట్టింది. అందులో మొదటిదే కుడికి, మిగిలినవి దేని ఇష్టం దానివి. ఎక్కువ గుడ్లు ఎడమకే ఉన్నాయి కాబట్టి సగటు నిలబడింది. ఒద్దికగా పెట్టిన రోజులు ఎక్కువ, బెంగళూరు బస్సు తప్పిపోతుందని హడావిడిగా పెట్టిన రోజులు కొన్ని. స్లైడ్ల మీద తేదీలు కూడా వేయలేదు, ఏ స్లైడ్ ఏ ఫోటోలదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? మామూలు గుడ్లే నమ్మకం లేనివైతే, మార్చినవి మామూలు వాటిలాగే ఉన్నాయని అనడానికీ లేదు, లేవని అనడానికీ లేదు. మేడమ్ అనుమానం నిజమో అబద్ధమో ఈ రెండు పెట్టెలూ ఎప్పటికీ చెప్పవు.

వీణ తప్పుకు ఒక వరస ఉంది. నంబరు చూసి తిప్పుకుంటే సరిపోయింది. తన తప్పుకు ఆ వరస కూడా లేదు.

"ఎటుండాది చైత్రా?" అని వెనకనుంచి వీణ అడిగింది. ఫోన్‌లో సుజాతమ్మగారు ఇంకా లైన్లోనే ఉన్నారు.